సీసాలోని తోట



గడచిన దసరా సెలవులలో నేను పలాసకు పోయి మా వదినగారి యింట పది దినములుంటిని. ఆ దినములలో మేము చేసిన యొక చిన్న పనిని గూర్చి యీ నెల మీతో ముచ్చటింప దలచినాను. గాజుసీసాలో మట్టి పోసి, చిన్న మొక్కలు నాటి, మూత పెట్టి పెంచు తోటను మీలో కొందరు చూచియే యుందురు. దీనిని ఆంగ్లమున టెర్రేరియం అందురు. పని చిన్నదే, కాని దానికి కావలసిన వస్తువులేవి, వానిని ఎక్కడ తీయవలెను, ఎక్కడ తీయరాదు అను సంగతి తెలియనిచో ఆ తోట వారము దినములైనను నిలువదు.

మా వదినగారు పుట్టినదియు, మెట్టినదియు ఉద్దానమే. ఇచ్ఛాపురము మొదలు వజ్రపుకొత్తూరు వరకు సముద్రతీరమున కొబ్బరి, జీడిమామిడి, పనస, మామిడి తోటలతో నిండిన ఆ సీమకు ఉద్యానమను మాట నుండియే ఆ పేరు వచ్చినదందురు. అక్కడ ఇంటికి తోట యుండుట కాదు, తోటలో ఇల్లుండుట వాడుక. కవిటి దగ్గరి పల్లెలో వదినగారి యిల్లును అట్టిదే. 2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరము దాటినది. దేవీ నవరాత్రులు అప్పుడే ప్రారంభమయినవి. గంటకు 140 మొదలు 150 కిలోమీటర్ల వేగముతో వీచిన ఆ గాలికి ఉద్దానమున లక్షల కొలది చెట్లు కూలినవి. వదినగారి తోటలో ఒక్క పనస తప్ప పెద్దచెట్టు మిగులలేదు. కొబ్బరి నాటిన ఆరేడేండ్లకు గాని కాపునకు రాదు. అంతవరకు సంసారము సాగవలెను, పిల్లలు చదువవలెను. కావున మా అన్నగారు కాశీబుగ్గలో నొక మేడమీది వాటాను అద్దెకు తీసికొని జీడిపప్పు వ్యాపారములో గుమాస్తాగా చేరినారు.

ఆ వాటాలో గాలి కలదు, వెలుతురు కలదు, కుళాయి కలదు. "అన్నియు ఉన్నవమ్మాయీ, మట్టి మాత్రమే లేదు" అని వదినగారు నాతో అనిరి. పెరటిలో పనసతొనలు వలచుచు పెరిగిన మనిషి ఇప్పుడు కూరలో వేయుటకు కరివేపాకు రెబ్బ కూడ కొనవలసి వచ్చినది.

వారి చిన్నమ్మాయి చేతిఫోనులో ఈ సీసాతోట బొమ్మ చూచి, నేను పోవునప్పటికే ఒకటి చేసినది. సముద్రపుటొడ్డున ఏరిన తెల్లని యిసుక, గవ్వలు, వానిపై గుప్పెడు నల్లమట్టి, అందులో తులసిరెమ్మ. ముచ్చటగా నున్నదని దానిని మేడ పిట్టగోడపై ఎండలో పెట్టినది. అయిదవనాటికి తులసి నల్లబడి కుళ్లినది. సీసా మూత తీసిన దుర్వాసన. "అత్తా, మూత పెట్టితిమి గదా, ఊపిరాడక చచ్చిపోయినదా?" అని నన్నడిగినది. ప్రశ్న మంచిదే. జవాబు చెప్పుటకు కొంచెము పూర్వకథ కావలెను.

1829లో లండను నగరమున నథానియల్ వార్డు అను వైద్యుడు ఒక చిమ్మట ఎట్లు పుట్టునో చూడ గోరి, దాని గూటిని తడిమట్టితో కూడ సీసాలో నుంచి మూత వేసినాడు. కొన్నాళ్లకు ఆ మట్టిలో ఒక ఫెర్ను మొక్కయు, గడ్డిపోచయు మొలచినవి. ఊరి బొగ్గుపొగకు తన పెరటిలో ఎన్ని మారులు నాటినను బ్రతుకని ఫెర్ను మూతవేసిన సీసాలో నీరు పోయకయే పెరుగుట చూచి ఆతడు ఆశ్చర్యపడి, గాజుపెట్టెలు చేయించినాడు. 1833లో అట్టి పెట్టెలలో మొక్కలను ఓడపై ఆస్ట్రేలియాకు పంపగా అవి నెలల తరబడి సముద్రముపై నుండియు పచ్చగా చేరినవి. అటుతరువాత చీనా దేశపు తేయాకు మొక్కలు హిమాలయపు చరియలకు వచ్చినదియు, రబ్బరు మొక్కలు 1876లో సింహళమునకు వచ్చినదియు ఇట్టి పెట్టెలలోనే. మన జీడిమామిడి మాత్రము అంతకు మూడు వందల యేండ్లకు ముందే బ్రెజిలునుండి పోర్చుగీసువారి వెంట వచ్చినది. దానికి గాజుపెట్టె అక్కరలేకపోయినది; గింజ గట్టిది గదా!

మూత వేసినను మొక్క ఎట్లు బ్రతుకును? ఆకులు పగటి వెలుతురున బొగ్గుపులుసుగాలిని గ్రహించి ప్రాణవాయువును విడుచును. రేయింబవళ్లు మొక్కయు, మట్టిలోని సూక్ష్మజీవులును ఆ ప్రాణవాయువును పీల్చి తిరిగి బొగ్గుపులుసుగాలిని విడుచును. రాలిన ఆకు కుళ్లి ఎరువగును. వేళ్లు త్రాగిన నీరు ఆకులనుండి ఆవిరియై గాజునకు తగిలి, బొట్లు కట్టి, మరల మట్టిలో పడును. సముద్రమునుండి మబ్బు, మబ్బునుండి వాన వచ్చు క్రమమే యిది. ఇంగ్లండులో 1960లో నాటి, 1972లో కడపటి మారు నీరు పోసి మూసిన యొక సీసాతోట అటుపై నలువది యేండ్లు గడచినను పచ్చగా నుండినది. కావున మా అమ్మాయి తులసిని చంపినది మూత కాదు, ఉప్పిసుకయు, ఎండయు. అదియును గాక తులసికి గాలి, ఎండ ప్రాణములు. తులసిని కోటలోనే ఉంచవలెను గాని సీసాలో పెట్టరాదు.

ఇంక మేము సేకరించిన వస్తువులను వరుసగా చెప్పెదను.

గాజుపాత్ర:— మిఠాయి దుకాణములలో లడ్లు పోసి యుంచు వెడల్పు మూతి సీసా శ్రేష్ఠము. చేయి లోనికి పోవునంత మూతి యుండవలెను. రంగుగాజు పనికిరాదు. ఊరగాయ పెట్టిన సీసా యైనచో నూనెజిడ్డు, ఉప్పు, కారము పోవునట్లు వేడినీటితో, సబ్బుతో రెండు మూడు మారులు కడిగి యెండబెట్టవలెను. మేము పాతసీసాల అంగడిలో అయిదు లీటర్ల సీసాను కొంటిమి. ఈ పనిలో మాకైన ఖర్చు అది యొక్కటే.

రాళ్లు:— అడుగున నీరు దిగి నిలుచుటకు అంగుళము మందము రాతిముక్కలు కావలెను. టెక్కలి ప్రాంతపు నీలపు గ్రానైటురాయి దేశదేశములకు పోవుచున్నది. దానిని కోసి నునుపుచేయు చోట చిన్నముక్కలు కుప్పలుగా పడియుండును. అడిగి దోసెడు తెచ్చితిమి. ఆ రాయి నీటిలో కరగదు, మట్టి గుణమును మార్చదు. గవ్వలు, ఆలిచిప్పలు మాత్రము వలదు. అవి సున్నము, మెల్లగా కరగి మట్టి గుణమును మార్చును.

బొగ్గు:— రాళ్లపై అర అంగుళము కట్టెబొగ్గు పరచవలెను. నిలిచిన నీటి కంపును అది లాగుకొనును. ఇస్త్రీబండి వారి నడిగినచో గుప్పెడు ఇత్తురు. సరుగుడు బొగ్గైనను, చింతబొగ్గైనను సరియే. బూడిద పోవునట్లు కడిగి, సెనగగింజలంత ముక్కలు చేయవలెను. పలాసలో నొక తప్పు చేయుటకు వీలున్నది, ముందే చెప్పెదను. జీడిపిక్కల తొక్కలు అక్కడ గుట్టలుగా దొరకును గదా యని వానిని రాళ్లకు బదులుగా వేయరాదు. ఆ తొక్కలోని నూనె చర్మమును పొక్కించును. పిక్కలు కొట్టు స్త్రీలు చేతులకు నూనెయో, బూడిదయో రాచుకొని పని చేయుట అందుకే. ఆ చేతులను చూచినవారెవ్వరును ఆ తొక్కను మొక్కవేళ్ల దగ్గర పెట్టరు.

వల:— పైమట్టి రాళ్ల సందులలోనికి జారకుండ నడుమ నొక వల పరచవలెను. పట్టణములలో దీనికై ప్లాస్టిక్కు జల్లెడ నమ్ముదురు. ఉద్దానపు వారికి అది యేల? కొబ్బరిమట్ట మొదట చెట్టును చుట్టుకొని యుండు నేతగుడ్డ వంటి పీచును గుండ్రముగా కత్తిరించి పరచిన చాలును.

ఇసుక:— సముద్రపుటిసుక వలదు. ఎన్ని మారులు కడిగినను ఇంటిలో దాని ఉప్పు పోయినదో లేదో తెలియదు. మూతవేసిన సీసాలోనుండి ఉప్పు బయటికి పోవు దారియు లేదు. నౌపడ ఉప్పుమళ్ల చుట్టుపట్ల నేలయు ఇట్లే పనికిరాదు. ఏటియిసుక కావలెను. మందస, సోంపేటల వైపు మహేంద్రతనయ ఇసుక మంచిది. కాని బారువ దగ్గర అది సముద్రములో కలియు చోట ఉప్పునీరు ఎగదన్నును గనుక అక్కడ తీయరాదు. ఇల్లు కట్టువారి యిసుక కుప్ప నుండి అడిగి దోసెడు తీసికొని, నీరు తేటపడు వరకు కడిగితిమి.

కొబ్బరిపొట్టు:— పీచు తీయగా రాలిన పొట్టు తడిని పట్టియుంచును. తీరపు కొబ్బరిపొట్టులోను ఉప్పుండును. మంచినీట రాత్రి నానబెట్టి పిండి, మరల నానబెట్టి పిండి, ఇట్లు మూడు మారులు చేయవలెను.

మట్టి:— ఇందుకు మేము కవిటి దగ్గరి పాతతోటకు పోతిమి. వదినగారు అక్కడికి పోయి రెండేండ్లు దాటినదట. తట్ట, తవ్వుగోల నా చేతనే యుండినవి. ఆమె మట్టి వంక చూడలేదు. పడిన చెట్లుండిన చోట్లను ఒక్కొక్కటిగా చూపుచు, "ఇది మా అత్తగారు నాటినది, ఇది పెద్దవాడు పుట్టిన యేడు నాటినది" అని చెప్పుచు నడచిరి. కొత్తగా నాటిన కొబ్బరులు కొన్ని మనిషి యెత్తు మించినవి. కొన్ని మూడు నాలుగాకులతో వెనుకబడి యున్నవి. మిగిలిన పనసచెట్టు క్రిందికి వచ్చి ఆగి, "ఇక్కడ తీయుము" అనిరి. ఏండ్ల తరబడి రాలిన ఆకు కుళ్లి అక్కడి మట్టి నల్లగా, పొడిపొడిగా, వానవాసనతో నుండినది. ఆ మట్టి రెండు పాళ్లు, కడిగిన ఏటియిసుక ఒక పాలు, కడిగిన కొబ్బరిపొట్టు ఒక పాలు కలిపితిమి. చీమలు, వానపాములు, పురుగుగ్రుడ్లు పోవుటకు మట్టిని జల్లించి, రెండు దినములు పలుచగా ఎండబెట్టవలెను. పశువుల ఎరువు గాని, అంగడి ఎరువు గాని వేయరాదు. సీసాలో మొక్క త్వరగా పెరుగుట మనకు లాభము కాదు.

నాచు:— నాచు వేరు, పాచి వేరు. జారుడుగా, జిగురుగా నుండునది పాచి, అది వలదు. మఖమలు గుడ్డవలె పొట్టిగా, ఒత్తుగా నుండునదే మనకు కావలసిన నాచు. వానకాలము ముగియు దినములలో నూతిగట్టునను, పెరటి యిటుకగోడ నీడవైపునను ఇది బాగుగ నుండును. చదునైన అట్లకాడతో అరచేయంత ముక్కను మట్టితో కూడ లేపి, మిగిలినది మరల అల్లుకొనుటకు వదలవలెను. మందస వాసుదేవాలయము వంటి పురాతన దేవాలయముల రాతిగోడలను మాత్రము గీకరాదు.

మొక్కలు:— పాతనూతుల లోపలి గోడలపై మొలచు హంసపాది, నీడనుండు చిన్న ఫెర్నులు శ్రేష్ఠము. నూతిలోనికి వంగి తీయుట ఆడవారికైనను, పిల్లలకైనను ప్రమాదము. గట్టుపైన, తూముల ప్రక్కన మొలచినవే చాలును. పూలకుండీల అడుగున తనంత తాను మొలచు, అద్దమువలె మెరయు ఆకులుగల చిన్న కలుపుమొక్కలును బ్రతుకును. సరస్వతియాకు బ్రతుకును గాని ప్రాకును, అప్పుడప్పుడు త్రుంచవలెను. కలబంద, బ్రహ్మజెముడు వంటివి ఆ తడికి కుళ్లును. మొక్కలు మూడింటికి మించరాదు. కన్నుల కింపుగా నుండునని పది నాటిన పదియును చెడును.

నీరు:— వాననీరు అన్నిటికంటె మేలు. నూతినీటిలోని లవణములు గాజుపై తెల్లమరకలు కట్టును. మూత్రపిండముల వ్యాధి అనేక కుటుంబములను కుంగదీసిన ఉద్దానమున నీటిని గూర్చి నేను క్రొత్తగా చెప్పవలసినది లేదు. హిరమండలము జలాశయమునుండి గొట్టములతో ఆ సీమకు నీరు తెచ్చు పథకము 2023 డిసెంబరులో గాని ప్రారంభము కాలేదు. అట్టి చోట నెలల తరబడి అరగ్లాసు నీటితో జరుగు తోట పిల్లల కండ్లయెదుట నుండుట మంచిదని నా యభిప్రాయము. నీరు ఎచటికిని పోదు, చెడగొట్టిన చెడియు ఎచటికిని పోదు అని సీసా వారికి చూపును.

తీయరాని వస్తువులు:— సముద్రతీరపు దిబ్బలపై మేకగిట్టల వంటి ఆకులతో, ఊదాపూలతో ప్రాకు తీగ నొక దానిని మీరు చూచియుందురు. పిల్లలు దానిని పెరికి తేబోగా వదినగారు వారించిరి. ఆ తీగయు, మొగలిపొదలును ఇసుకను పట్టి యుంచును. అవి లేనిచో గాలికి దిబ్బ లేచి తోటలపై పడును. తుపాను చూచినవారికి ఆ తీగ విలువ తెలియును. మహేంద్రగిరి కొండకు పోవువారు అక్కడి ఫెర్నులను, చెట్లపై పూచు ఆర్కిడులను తెచ్చుటయు తగదు. కొండచల్లదనమున పెరిగినవి మన యింటి ఉక్కకు నిలువవు. టెక్కలి దగ్గరి తేలినీలాపురమున గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టు చోట అడుగు పెట్టి మట్టి తీయుటయు వలదు. పెరటిలో దొరకునది పెరటిలో తీసిన చాలును.

కూర్చు విధము:— సీసా పూర్తిగా ఆరిన పిమ్మట రాళ్లు, బొగ్గు, కొబ్బరివల, తరువాత రెండున్నర అంగుళముల మట్టి, ఈ వరుసను వేయవలెను. అన్నియు కలిసి సీసా యెత్తులో మూడవవంతు మించరాదు. కాగితము గొట్టముగా చుట్టి దానినుండి మట్టి పోసిన గాజునకు అంటదు. పుల్లకు చెంచాను కట్టి గుంట చేసి, పెద్ద మొక్కను వెనుకను, చిన్నవానిని ముందును నాటి, సందులలో నాచును అదుమవలెను. నీరు చెంచాలతో పోయవలెను. మట్టిని పిడికిట పట్టిన ముద్ద కట్టవలెను, నీరు కారరాదు, అదియే కొలత. ఎండ సూటిగా పడని, చదువుకొనుటకు చాలునంత వెలుతురుగల కిటికీ దగ్గర ఉంచవలెను. ఎండలో పెట్టిన గాజు వేడిని పట్టి మొక్కలను ఉడికించును.

ఉదయమున గాజుపై కొంచెము మంచు పట్టి మధ్యాహ్నమునకు విడిపోయిన తోట కుదిరినదని అర్థము. దినమంతయు గాజు మసకగా నున్న రెండు గంటలు మూత తీయవలెను. వారము దినములు మంచు పట్టనిచో రెండు చెంచాల నీరు చాలును. తెల్లని బూజు కనబడిన ఆ యాకును వెంటనే తీసివేయవలెను. మొదటి నెలలో ఒకటి రెండాకులు పసుపుబారుట సహజము.

నేను తిరిగి వచ్చిన నెలకు వదినగారు ఫోను చేసిరి. ఫెర్ను రెండు కొత్త చివుళ్లు వేసినదట. ఒక ప్రక్క మేము నాటని మొక్క యొకటి మూడు మూడు చిట్టి ఆకులతో లేచినదట. ఎండబెట్టినను చావక పనసచెట్టు మట్టితో వచ్చిన విత్తు కాబోలును. చిన్నమ్మాయి అది కలుపని పెరుకబోగా వదినగారు పోల్చుకొనిరి. పులిచింత! తోటలో ఆడుకొను దినములలో ఆకు నమిలి పులుపునకు మొగము ముడుచుకొనిన పులిచింత!

"అది ప్రాకి తక్కినవానిని కప్పును వదినా, కొసలు త్రుంచుచుండుడు" అని నేను చెప్పితిని.

"త్రుంచెదను గాని పెరుకనమ్మాయీ" అని ఆమె అనిరి. "వచ్చే వానకాలమున తోటలో మరి పది కొబ్బరులు నాటింప దలచినాము. అంతవరకు ఇది ఇక్కడ ఉండనిమ్ము."

మీ పెరటిలోను నాచు, బొగ్గు, గుప్పెడు మట్టి ఉండకపోవు. మేడమీద కాపురముండి మట్టి ముట్టని పిల్లలున్న సోదరీమణులు ఈ వానకాలము ముగియు వేళ తప్పక యత్నించి చూడుడు.